నీళ్ళ మీంచి పిలిస్తే

పాలకాయతిప్ప ఇసుకలో నిలబడి కృష్ణ సముద్రంలో కలిసే వైపు చూస్తే, ఎండ తగ్గిన వేళ నీళ్ళ మీద కొన్ని నల్లటి గీతలు కనిపిస్తాయి. కొత్తవాళ్ళు మబ్బు నీడలనుకుంటారు. అవి దిబ్బలు. నది మోసుకొచ్చిన ఒండ్రు పేరుకుని, దాని మీద మడచెట్లు మొలిచి, ఆ చెట్ల వెనక నాలుగు ఇళ్ళు లేచిన దిబ్బలు. వాటిలో ఒకదాని మీద నేను కాపురం చేశాను.

మా పుట్టిల్లు గుడివాడ వైపు. మా వాళ్ళూ చేపలు పట్టేవాళ్ళే గాని కాలవల్లో, చెరువుల్లో పట్టేవారు. కాలవ నీళ్ళు ఒక వైపుకే పోతాయి. పొద్దున చూసిన నీళ్ళు సాయంత్రానికి తిరిగి రావు. పెళ్ళయి దిబ్బ మీదికి వచ్చాక నన్ను మొదట భయపెట్టింది సముద్రం కాదు, పోయిన నీళ్ళు వెనక్కి రావడం. పాటు వేళ నీళ్ళు తీసేసి, ఇంటి ముందు పాయ బురదగుంటలా మిగిలేది. ఆ బురదలోంచి మడచెట్ల వేళ్ళు నిటారుగా పైకి పొడుచుకుని ఉండేవి. బురద కూడా ఊరికే ఉండదు. ఎవరో దాక్కుని చిటికెలు వేస్తున్నట్టు టప్పు టప్పుమంటూ ఉంటుంది. కన్నాల్లో పీతలూ రొయ్యలూ చేసే చప్పుడని మా ఆయన చెప్పాడు. చెప్పాక కూడా నేను ఆ చప్పుడు వైపు వీపు పెట్టి కూర్చునేదాన్ని కాదు. కాసేపటికి పోటు వచ్చి అన్నిటినీ కప్పేసేది. అక్కడ అంతకుముందు ఏమీ లేనట్టే ఉండేది.

దిబ్బ మీద మా అత్త నాకు మొదట నేర్పింది పలకకుండా ఉండడం. నీళ్ళ మీంచి ఎవరు పిలిచినా పలకకూడదు. పడవలో వచ్చేవాళ్ళు గెడతో పడవ అంచు మీద కొడతారు. ఆ చెక్క చప్పుడు వినపడితేనే ఒడ్డునున్నవాళ్ళు నోరు విప్పాలి. బురదలో నడిచి వచ్చేవాళ్ళు గట్టెక్కి, కాళ్ళు కడుక్కుని, అప్పుడు పిలవాలి. నీళ్ళలో పోయినవాళ్ళకి గొంతు ఒక్కటే మిగులుతుందట. చేతులుండవు కాబట్టి చెక్క కొట్టలేరట. బతికున్నవాళ్ళ గొంతు అరువు తెచ్చుకుని పిలుస్తారట. పలికామా, మన కాళ్ళు మన మాట వినవు, నీళ్ళ వైపు నడిచి వెళ్ళిపోతాం.

నేను నవ్వాను. కాలవ ఒడ్డున పుట్టినదాన్ని, ఇలాంటివి మాకు లేవు. సున్నపు బట్టీలకి గుల్ల కొనడానికి బందరు నుంచి ఒక సాయిబుగారు పెద్ద పడవ మీద వచ్చేవారు. ఆయన మొదటిసారి తెలియక నీళ్ళ మీంచి కేకలు వేస్తే దిబ్బంతా తలుపులు మూసుకుని కూర్చుందట. ఆ తర్వాత నుంచి ఆయన పాయ మలుపులోనే గెడ టకటకలాడించి, "బతికే ఉన్నానండీ, టీ పెడితే తాగుతాను కూడా" అంటూ వచ్చేవారు. మా ఆడవాళ్ళు నవ్వుతూ బయటికొచ్చేవారు. అయితే ఒక్కరు కూడా, చెక్క చప్పుడుకి ముందు బయటికి రాలేదు. అది నేను చూశాను.

డెబ్బై ఏడు కార్తీకంలో ఉప్పెన వచ్చినప్పుడు నేను దిబ్బ మీద లేను. పురిటికి పుట్టింటికి వెళ్ళాను. నేను తిరిగి వచ్చేదాకా ఇంట్లో చేతిసాయానికి ఉంటుందని మా అత్త తన కూతుర్ని అత్తారింటి నుంచి పిలిపించుకుంది. నా ఆడపడుచు నాకంటే కొద్దిగా చిన్నది. నా పనులు చెయ్యడానికి వచ్చింది. నా చాప మీద పడుకుంది. నీళ్ళు ఇంటి కప్పు మీదుగా వచ్చాయని తర్వాత చెప్పారు. మా అత్త, మా ఆయన ఒక తుమ్మచెట్టుకి చిక్కుకుని బతికారు. ఆడపడుచు దొరకలేదు. శవం కూడా దొరకలేదు.

పిల్లాణ్ణి ఎత్తుకుని నేను తిరిగి వచ్చేసరికి మాఘమాసం. పడవలోంచి చూస్తే మడ అడవి పై కొమ్మల్లో రంగురంగుల గుడ్డలు వేలాడుతున్నాయి. ఎవరో మొక్కు కట్టారనుకున్నాను. దగ్గరికి వచ్చాక తెలిసింది, చీరలు. నీళ్ళు ఎంత ఎత్తున నడిచాయో ఆ చీరలే చెప్పాయి. అవి అక్కడే ఎండి, వెలిసి, చాలా కాలం గాలికి ఊగుతూ ఉండేవి. ఎవరూ ఎక్కి తియ్యలేదు. ఎవరి చీరో గుర్తుపడతామని భయం. దిబ్బ మీద ఒక్క కాకి లేదు. మిగిలిన కొద్ది ఇళ్ళవాళ్ళు ప్రభుత్వం ఇచ్చిన తాటాకులతో కొత్త కప్పులు వేసుకుంటున్నారు.

మా అత్త నన్ను తిట్టలేదు. మాట్లాడడం మానేసింది. ఏం చెప్పాలన్నా పిల్లాడికి చెప్పేది. వాడికి అప్పటికి మెడ నిలవలేదు. "మీ అమ్మతో చెప్పరా, బియ్యం నిండుకున్నాయి" అనేది. "మీ నాన్న వల బాగుచెయ్యాలంట, దారం యాడుందో మీ అమ్మనడుగు" అనేది. వాడు నోరు తెరిచి చూస్తుంటే నేను జవాబు కూడా వాడికే చెప్పేదాన్ని. ఇరుగుపొరుగు నవ్వుకునేవారు, ఆ పసివాడు ఇంటికి పెద్ద అయ్యాడని. నేనూ నవ్వేదాన్ని. ఒకరోజు వాడికి నీళ్ళు పోస్తూ, నేను వినేలాగే, మామూలు గొంతుతో అంది.

"మీ అమ్మ చోట్లో పడుకుందిరా మీ మేనత్త. మీ అమ్మ వొచ్చింది. అది రాలా."

ఆ తర్వాత నాకు ఆ ఇంట్లో కడుపునిండా తినడం చేతకాలేదు. వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోయేదాన్ని. ఆమె అనలేదు.

ఆ ఏడు పిలుపులు ఎక్కువయ్యాయని అందరూ అనుకునేవారు. మంచు పడ్డ పొద్దుటిపూట పాయ అవతల నుంచి గొంతులు వినిపించేవట. మా పక్కింటి ముసలాయన మనవడి గొంతు విని పలికాడని, తువ్వాలు భుజాన వేసుకుని పొలానికి పోయినట్టు నడిచి వెళ్ళాడని చెప్పారు. మడ వేళ్ళ మధ్య ఆయన శవాన్ని చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ముఖం ప్రశాంతంగా ఉంది. ఆ రోజు నుంచి నాకు నవ్వు రాలేదు. మంచు దిగితే చాలు ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కుని తడికెలు వేసుకునేవారు. మా అత్త మాత్రం బయటే కూర్చునేది. ఏమీ వినపడలేదన్నట్టు నీళ్ళ వైపు చూస్తూ, పలకకుండా కూర్చునేది. ఎంత ఓర్పుతో కూర్చునేదో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మరుసటేడు పుష్యమాసం. అమావాస్య పోటు పెద్దగా వచ్చి, పాయ అవతల ఇసుక తిప్ప మీద గుల్ల కుప్పలుగా పోసి వెళ్ళింది. ముందురోజు సాయంత్రమే చూసి పెట్టుకున్నాను. మిగతా ఆడవాళ్ళు లేవకముందే వెళ్ళి ఏరుకుంటే గంపలు నిండుతాయని ఆశ. మా ఆయన వేటకి సముద్రం మీదికి వెళ్ళాడు. పిల్లాడు మా అత్త పక్కన నిద్రపోతున్నాడు. తెల్లవారుతుండగానే గంప తీసుకుని బయల్దేరాను. ఆమెతో చెప్పలేదు. మేమిద్దరం ఎక్కడికి పోతున్నామో చెప్పుకునే అలవాటు అప్పటికి లేదు. చెలమకి నీళ్ళకి వెళ్ళాననుకుని ఉంటుంది.

పాటు బాగా తీసి ఉంది. మోకాలి లోతు నీళ్ళలో పాయ దాటి తిప్ప మీదికి వెళ్ళాను. వంగి ఏరుతూ పోతే చుట్టూ చూసుకోలేదు. గంప నిండి నడుం ఎత్తేసరికి ఏమీ లేదు. దిబ్బ లేదు, మడ లేదు, సూర్యుడు లేడు. మంచు ఎప్పుడు దిగిందో తెలియలేదు. నా కాళ్ళ చుట్టూ జానెడు ఇసుక మాత్రం కనిపిస్తోంది. సముద్రం హోరు అన్ని వైపుల నుంచీ ఒకేలా వస్తోంది. తడి ఇసుక మీద నీటి నాలుకలు అప్పుడే మొదలయ్యాయి. పోటు.

వచ్చిన దారి అనుకున్న వైపుకి దిగాను. ఉప్పెన ఆ పాయ అడుగునంతా తవ్వి తిరగేసింది. గట్టి ఇసుక ఉన్నచోట ఊబి, ఊబి ఉన్నచోట ఇసుక. తెలిసినవాళ్ళు చూసుకుని అడుగులు వేస్తారు. మంచులో నేను చూసుకోలేకపోయాను. పాయ మధ్యలో కుడికాలు తొడదాకా దిగిపోయింది. లాగితే ఎడమకాలు దిగింది. గంప తేలుతూ ఎటో పోయింది. కాలవలో ఈత నాకు బాగా వచ్చు. అయితే ఊబి కాళ్ళు పట్టుకుంటే ఈత ఏం చేస్తుంది.

పిలిచాను. "అత్తా" అని పిలిచాను.

మంచులో చప్పుడు చాలా దగ్గరగా వినిపిస్తుంది. ఒడ్డున ఎవరి ఇంట్లోనో గిన్నె పెట్టిన చప్పుడు విన్నాను. కుక్క ఒకటి మొరగబోయి మానేసింది. మళ్ళీ పిలిచాను. వరసబెట్టి పొరుగువాళ్ళని వదినా అని, పిన్నీ అని, మావయ్యా అని పిలిచాను. తడికె వేసిన చప్పుడు. ఇంకో తడికె. ఎవరో పిల్లని గదమాయించడం, ఆ పిల్ల ఏడుపు నోట్లోనే నొక్కేసినట్టు ఆగిపోవడం. నా గొంతు వినే వాళ్ళు తలుపులు వేసుకుంటున్నారని అప్పుడు తెలిసింది. నేను వాళ్ళకి పాయ మీంచి వస్తున్న గొంతుని.

"నేనే, బతికే ఉన్నా" అని అరిచాను. ఒడ్డు మీంచి ఒక ముసలమ్మ గొంతు జాలిగా, నాతో కాదు, తనలో తను అనుకుంటున్నట్టు అంది.

"అందరూ అదే అంటారమ్మా. పో తల్లీ, పో."

చెక్క కొట్టాలి. నా చేతిలో చెక్క లేదు. చుట్టూ నీళ్ళు, బురద. రెండు గుల్లలు నా కొంగులో మిగిలి ఉంటే వాటిని ఒకదానికొకటి కొట్టాను. ఎండిన ఎముకలు తగిలినట్టు కిటకిటమన్నాయి. ఆ చప్పుడుకి ఒడ్డున ఉన్న చిన్న చిన్న అలికిళ్ళు కూడా ఆగిపోయాయి. నీళ్ళు నడుం దాటాయి. చల్లగా ఏదో నా పక్కటెముకలకి రాసుకుని వెళ్ళింది. చేప అయి ఉంటుంది. అక్కడ, ఆ తెల్లదనం మధ్యలో, నాకే అనుమానం వచ్చింది. నేను వెళ్ళింది ఈ పొద్దునేనా, చాలా కాలం కిందటా? పిల్లాడు ఇంట్లో ఉన్నాడా? నేను పురిటికి వెళ్ళానా, ఇక్కడే ఉండిపోయానా? నా చాప మీద పడుకున్నది ఎవరు?

నీళ్ళు రొమ్ముకి తగిలినప్పుడు, ఎవర్నీ అనుకోకుండా, నోట్లోంచి "అమ్మా" అని వచ్చింది. గుడివాడ దగ్గర ఎక్కడో పొయ్యి ముందు కూర్చుని ఉంటుంది మా అమ్మ. ఆమెకి వినపడదు. మళ్ళీ అదే వచ్చింది. ఇంకో మాట రాలేదు.

ఎన్నో ఏళ్ళ తర్వాత, యాభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. పంతులమ్మ మొదట పలక మీద రాయించిన మాట ఇదే. రాసి చాలాసేపు చూస్తూ కూర్చుంటే, వంకరొచ్చిందని చూస్తున్నాననుకుంది. బానే ఉందమ్మా అంది.

ఆ పొద్దున, నా పిలుపుకి ఒడ్డున కలకలం పుట్టింది. "వొద్దు వొదినా, పట్టుకోండే" అని ఎవరో. ఆ వెంటనే చెక్క చప్పుడు. టక్, టక్, టక్. బురద మీద బల్ల లాగుతున్న జారుడు చప్పుడు, మధ్యమధ్యలో టక్కుమని అరిచేత్తో కొట్టడం. పీతలకి వెళ్ళే ఆడవాళ్ళు ఊబి మీద పొట్టవాల్చి తోసుకుపోయే బల్ల అది. మా ఇంట్లో ఉన్నది ఉప్పెనకి విరిగిన పడవ ముక్క. నాకు వినపడాలని కొడుతోందో, నీళ్ళలో ఉన్నవాటికి తను బతికిన మనిషినని చెప్పడానికి కొడుతోందో తెలియదు. మంచులోంచి మొదట బల్ల కొన, తర్వాత నెరిసిన జుట్టు, తర్వాత ముఖం వచ్చాయి. మా అత్త.

ఆ ముఖాన్ని నేను అంతకుముందు చూడలేదు. ఏళ్ళు తగ్గినట్టుంది. నన్ను చూసింది. చూస్తుండగానే ఆ ముఖం మళ్ళీ మామూలుగా మారిపోయింది.

"నువ్వా" అంది.

తల ఊపాను. ఆమె నా భుజం మీదుగా వెనక మంచులోకి చూసింది. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అన్నట్టు చూస్తూనే ఉంది. నీళ్ళు నా గడ్డం కిందికి వస్తున్నాయి. బల్ల చేతికందేంత దూరంలో ఉంది కాని ఆమె ముందుకి తొయ్యలేదు. వెనక్కి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళిపోయినా నేను తప్పు పట్టలేననుకున్నాను. ఆమె వచ్చింది నా కోసం కాదు.

తర్వాత బల్ల నా గడ్డానికి తగిలింది.

"పడుకో దీని మీద. కాలు లాగమాక. మడమ తిప్పు, మెల్లిగా. తిప్పతానే ఉండు."

చాలాసేపు మడమ తిప్పాను. ఆమె నా జుట్టు పట్టుకుని తల నీళ్ళ పైన ఉంచింది. ఆ "నువ్వా" తప్ప, దాదాపు ఏడాదిలో ఆమె నాతో నేరుగా అన్న మొదటి మాటలవి. ఒక కాలు వచ్చింది, తర్వాత రెండోది. ఇద్దరం బల్ల మీద బోర్లా పడి ఒడ్డుకి తోసుకొచ్చాం. దారంతా ఆమె చెక్క కొడుతూనే ఉంది.

గట్టు మీద అందరూ దూరంగా నిలబడ్డారు. నా నీడ నేల మీద పడుతోందా అని చూశారేమో, మంచులో ఎవరికీ నీడ లేదు. చివరికి పక్కింటి పిన్ని వచ్చి నా చెయ్యి గిల్లి, "వెచ్చగా లేదు గాని మనిషే" అంది. కొందరు నవ్వారు. ఎవరో దుప్పటి కప్పారు. పిల్లాణ్ణి తెచ్చి నా ఒళ్ళో పడేశారు. వాడు తడికి ఏడ్చాడు.

అందరూ వెళ్ళాక మా అత్త అక్కడే ఉండిపోయింది. ఒళ్ళంతా బురదతో, వణుకుతూ, నీళ్ళ వైపు ముఖం పెట్టి అంది.

"ఇందాక పిలిచినట్టు ఇంకోసారి పిలువు."

నాకు అర్థమైంది. అర్థమయ్యాక కాదనలేకపోయాను. పిల్లాణ్ణి భుజాన వేసుకుని, "అమ్మా" అని పిలిచాను. ఆమె నా వైపు తిరగలేదు. పాయ వైపు చూస్తూనే, "ఆఁ" అని పలికింది. ఉప్పెన నాటి చీకట్లో, తుమ్మచెట్టు మీద, తనకి కూతురు అలా పిలవడం వినపడిందని, నోట్లో నీళ్ళు నిండి పలకలేకపోయానని అప్పుడు చెప్పింది. ఒక్కసారే చెప్పింది.

ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు మొదలయ్యాయి. ఆమె నాకు అన్నం కూడా వడ్డించింది. అయితే మంచు పడ్డ ప్రతి పొద్దునా నన్ను లేపి పాయ ఒడ్డుకి తీసుకెళ్ళేది. నేను పిలవాలి, ఆమె పలకాలి. నేను పిలిచేదాన్ని. ఇళ్ళలో తడికెలు మూసుకోవడం వినిపించేది. నీళ్ళ అంచు నుంచి వస్తున్న ఆడగొంతు నాదని వాళ్ళకి తెలుసు, అయినా మూసుకునేవారు. నాకు ఆమె నన్ను లోపలికి తీసుకుందో, నన్ను ఇంకొకరి చోట్లో నిలబెట్టిందో తెలిసేది కాదు. ఏదైనా ఇల్లు ఇల్లే కదా అనుకుని పిలిచేదాన్ని. మా ఆయన రెండు మూడుసార్లు వద్దన్నాడు. మేమిద్దరం ఆయన్ని పట్టించుకోలేదు.

చలి వెనకబడుతున్న రోజుల్లో ఒక పొద్దున మంచు బాగా దిగింది. ఎప్పటిలాగే వెళ్ళి నిలబడ్డాం. పోటు నిండుగా ఉంది. బురద చిటికెలు కూడా లేవు. నేను ఊపిరి తీసుకున్నాను, ఇంకా నోరు తెరవలేదు.

"ఆఁ, వొస్తన్నా" అంది మా అత్త.

నేను ఏమీ వినలేదు. ఆమె వింది. ముఖం ఆ రోజు మంచులోంచి బయటికొచ్చినప్పటిలాగే ఉంది. మోకాళ్ళదాకా నీళ్ళలోకి దిగింది, తొందరేమీ లేకుండా. పట్టుకుందామంటే నా కాళ్ళు కదల్లేదు. అమ్మా అని పిలిస్తే అది ఏ వైపు నుంచి వచ్చిందనుకుంటుందో తెలియదు. నీళ్ళ వైపు నుంచి వచ్చిందనుకుంటే వెళ్ళిపోతుంది.

"అత్తా" అన్నాను. నాదైన పిలుపుతో, నా గొంతుతో. "అత్తా, నేను. ఒడ్డున ఉన్నా."

ఆమె ఆగింది. నీళ్ళు ఆమె చీర కుచ్చిళ్ళని లోపలి వైపుకి లాగుతున్నాయి. ఇంకోసారి పిలుద్దామని కూడా నాకు ధైర్యం చాలలేదు. ఎవరికి పలకాలో ఆమే తేల్చుకోవాలి.

"ఆఁ" అంది చివరికి. వెనక్కి తిరిగి, నా వైపు చూసి పలికింది.

గట్టెక్కి కుచ్చిళ్ళు పిండుకుంది. పిల్లాడు లేచుంటాడు, పొయ్యి వెలిగించాలి పద అంది. ఆ తర్వాత మంచు ఎన్నో పొద్దులు పడింది. నన్ను పిలవమని మళ్ళీ అడగలేదు. పాయ వైపు నుంచి ఏదైనా వినపడినప్పుడు మాత్రం, చేస్తున్న పని ఆపి, నేను ఇంట్లో ఏ మూలనున్నానో ఒకసారి చూసుకునేది.